రెండు సారథ్యాలు: ఎయిర్‌లైన్ పైలట్, కార్పొరేట్ పైలట్

(వార్షికోత్సవ సందర్భంగా జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

దోహా నుండి వచ్చిన నన్ను ఈ వేదిక మీద నిలబెట్టి, యువతకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, విమానం నడపడం. ఉదయం నుండి మీలో ముగ్గురు నలుగురు నన్ను అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: “పైలట్ కావాలనుకుంటే ఎయిర్‌లైన్‌లో చేరడం మేలా, కార్పొరేట్ విమానాలు నడపడం మేలా?” పెద్దలు దానినే మరొక విధంగా అడిగారు: “రెండింటిలో ఏది స్థిరమైన ఉద్యోగమండీ?” ఈ రెండు ప్రశ్నలకూ కలిపి సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. రెండు విధాల విమానాలూ నడిపినవాణ్ణి కనుక, ఒకదానిని పొగిడి మరొకదానిని తెగడవలసిన అవసరం నాకు లేదు.

ఈ రెండు వృత్తులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఖతర్ తగిన చోటు. 1993లో స్థాపితమై, 1994 జనవరిలో సర్వీసులు ప్రారంభించిన ఖతర్ ఎయిర్‌వేస్ నేడు ప్రపంచంలోని పెద్ద విమాన సంస్థలలో ఒకటి. 2014లో ప్రారంభమైన హమద్ అంతర్జాతీయ విమానాశ్రయం గుండా 2024లో 5 కోట్లకు పైగా ప్రయాణికులు రాకపోకలు సాగించారు. హైదరాబాదు వెళ్లే దారిలో మీలో కొందరు అక్కడ విమానం మారే ఉంటారు. అదే సంస్థ 2009లో ఖతర్ ఎగ్జిక్యూటివ్ అనే ప్రైవేటు జెట్ విభాగాన్ని ప్రారంభించింది. రాజకుటుంబాన్ని, ప్రభుత్వ ప్రముఖులను తీసుకువెళ్లే అమీరీ ఫ్లైట్ 1977 నుండి ఉన్నది. ఇన్ని రకాల పైలట్లు ఒకే ఊరిలో నివసిస్తారు. వారి పిల్లలు ఒకే బడిలో చదువుతారు. కానీ వారి దినచర్యలకు పోలిక లేదు.

ముందుగా ఎయిర్‌లైన్ జీవితం ఎటువంటిదో చెబుతాను. నెల మొదలయ్యే ముందే రోస్టర్ చేతికి వస్తుంది. ఏ రోజు ఏ ఊరికి, ఎన్ని గంటలకు, ఎవరితో వెళ్లాలో అందులో ఉంటుంది. మార్గం, ఇంధనం లెక్కించి ఇచ్చేవారు వేరు. సామాను ఎక్కించేవారు వేరు. భోజనం సర్దేవారు వేరు. పైలట్ ఆ లెక్కలు సరిచూసి సంతకం చేస్తాడు, విమానాన్ని క్షేమంగా చేరుస్తాడు. వెనుక కూర్చున్న మూడు వందల మందిలో ఒక్కరికైనా అతని పేరు గుర్తుండదు. 2017 ఫిబ్రవరిలో దోహా నుండి ఆక్లాండ్‌కు సర్వీసు ప్రారంభమైనప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపడింది. సుమారు 14,500 కిలోమీటర్ల దూరం, 16 గంటలకు పైబడిన ప్రయాణం. అంతటి ప్రయాణాలలో నలుగురు పైలట్లు వంతులవారీగా విశ్రమిస్తూ నడుపుతారు. చక్రాలు నేలకు దించే భాగ్యం ఆ నలుగురిలో ఒక్కరికే దక్కుతుంది. 90 రోజులలో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు చేసి ఉండాలన్న నియమం ఉన్నది. దూరప్రయాణాలు చేసే పైలట్లు కొందరు ఆ లెక్కను సిమ్యులేటర్‌లో పూర్తిచేసుకోవలసి వస్తుంది. పెద్ద విమానం అనగానే మీ మనసులో మెదిలే చిత్రానికి ఇది కొంచెం దూరంగా ఉంటుంది కదా.

కార్పొరేట్ జీవితంలో రోస్టర్ స్థానంలో ఫోన్ ఉంటుంది. రాత్రి పది గంటలకు మోగవచ్చు, తెల్లవారుజామున బయలుదేరాలి. గల్ఫ్‌స్ట్రీమ్ జి650ఈఆర్ వంటి విమానం ఇంధనానికి దిగకుండా దాదాపు 13,900 కిలోమీటర్లు పోగలదు. కనుక ఏ ఖండానికి వెళ్లవలసి వస్తుందో ముందుగా తెలియదు. ఏ దేశపు గగనతలం మీదుగా వెళ్లడానికి అనుమతి వచ్చింది, ఏది రాలేదు, దిగే ఊరిలో విమానం నిలపడానికి చోటు ఉన్నదా, ప్రయాణికుల సామాను ఎన్ని పెట్టెలు, వారిలో మాంసాహారం ముట్టనివారు ఎవరు అన్న విషయాలన్నీ, చిన్న సంస్థలో అయితే, చివరకు పైలట్ల దగ్గరకే చేరుతాయి. దిగిన తరువాత యజమాని పని ముగిసేవరకు రెండు రోజులో, ఐదు రోజులో హోటలులో నిరీక్షణ. ప్రతిఫలంగా లభించేదీ తక్కువ కాదు. పెద్ద విమానాలు దిగలేని కొండల నడుమ విమానాశ్రయాలు చూస్తారు. ఏటా గాలిలో గడిపే గంటలు సాధారణంగా ఎయిర్‌లైన్ కంటే తక్కువ. వెనుక కూర్చున్నవారు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు.

రెండింటికీ పునాది మాత్రం ఒక్కటే. వాణిజ్య లైసెన్సు కావాలి. భారతదేశంలో అయితే దానికి ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, తరువాత 200 గంటల విమానయానం అవసరం. కెప్టెన్‌గా పెద్ద విమానాల బాధ్యత వహించడానికి కావలసిన ఉన్నత లైసెన్సుకు 1,500 గంటలు. నడిపే ప్రతి రకం జెట్‌కూ ప్రత్యేకమైన టైప్ రేటింగ్. ఏటా వైద్యపరీక్ష. నిర్ణీత కాలాలలో సిమ్యులేటర్ పరీక్షలు. ఆ పరీక్షలలో ఏ ఒక్కదానిలో నిలవలేకపోయినా జీతం ఆగుతుంది. ఇతర వృత్తులలో పట్టా ఒకసారి పుచ్చుకుంటే చాలు. ఇక్కడ జీవితమంతా పరీక్షార్థులమే.

ఇప్పుడు పెద్దల భయం గూర్చి. “చిన్న విమానాలు వద్దు” అని తెలుగు తల్లులు అనడానికి కారణం ఉన్నది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన నటి సౌందర్య గారి విమానం బెంగళూరులో గాలిలోకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ వర్షంలో నల్లమల అడవులలో కూలింది. ఏడేళ్లలో మూడుసార్లు మన రెండు రాష్ట్రాల ప్రజలు రేడియోలకు, టీవీలకు అతుక్కుపోయి దుఃఖించారు. ఆ జ్ఞాపకాన్ని మీ అమ్మానాన్నలు మీతో పాటు విదేశానికి తెచ్చుకున్నారు. దానిని చూసి నవ్వకండి.

అయితే ఆ భయాన్ని సరిగా చదవాలి. అందులో రెండు హెలికాప్టర్లు, ఒకటి ఒకే ఇంజను గల చిన్న విమానం. వాటి కారణాలూ వేరువేరు. రెండు ఇంజన్లు, ఇద్దరు శిక్షితులైన పైలట్లు, నిర్ణీత నిర్వహణ గల నేటి జెట్ విమానాన్ని వాటితో జతకట్టడం న్యాయం కాదు. కానీ ఆ మూడింటికీ ఒక్క పోలిక ఉన్నది. అవి టైంటేబుల్ ప్రకారం నడిచే ప్రయాణాలు కావు. ప్రముఖుల కార్యక్రమాన్ని అనుసరించి సాగిన ప్రయాణాలు. అందుచేత విమానం పరిమాణం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి: “ఈ రోజు వద్దు” అని చెప్పే అధికారం ఎవరిది? అలా చెప్పినవారి వెనుక ఎవరు నిలబడతారు?

2001 మార్చి 29న అమెరికాలోని ఆస్పెన్ వద్ద ఒక అద్దె గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ కూలి, అందులోని 18 మందీ మరణించారు. కొండల మధ్య విమానాశ్రయం, మంచు, ముసురుకుంటున్న చీకటి, రాత్రి దిగడం మీద ఆంక్ష, ఆలస్యంగా మొదలైన ప్రయాణం. రన్‌వే కనబడకుండానే నిర్ణీత ఎత్తుకు దిగువకు రావడం ప్రమాదానికి కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది. దోహదం చేసిన అంశాలలో, ఎలాగైనా దిగాలని విమానం అద్దెకు తీసుకున్నవారి నుండి కెప్టెన్ మీద వచ్చిన ఒత్తిడిని కూడా పేర్కొన్నది.

ఇది విని, ఎయిర్‌లైన్‌లో అటువంటివి జరగవని అనుకోవద్దు. 2010 మే 22న దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది మరణించారు. దిగే తీరు సరిగా లేదని, మళ్లీ పైకి లేపమని ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు హెచ్చరించినా కెప్టెన్ ఆగలేదని దర్యాప్తు తేల్చింది. అక్కడ ధనికుడైన యజమాని ఎవరూ లేరు. “వద్దు” అన్న మాట పలికింది, వినవలసినవారు వినలేదు. కనుక ఎయిర్‌లైన్ అంటే క్షేమం, కార్పొరేట్ అంటే ప్రమాదం అని గీత గీయలేము. తేడా ఎక్కడంటే, ఎయిర్‌లైన్‌లో మీ నిరాకరణ ఒక వ్యవస్థ ద్వారా వెళుతుంది. కార్పొరేట్‌లో మనిషి ముఖం చూసి చెప్పాలి.

మీలో చాలామంది రామాయణం విన్నవారే. అయోధ్యాకాండలో రాముడు అడవికి బయలుదేరినప్పుడు, వెనుక నుండి దశరథుడు “రథం ఆపు” అని కేక వేస్తాడు. రథంలోని రాముడు “పోనియ్యి” అంటాడు. నడుమ సుమంత్రుడు. తరువాత రాజు కోపించి అడిగితే వినబడలేదని చెప్పమని రాముడే అతనికి దారి చూపిస్తాడు. ఇద్దరు ప్రభువుల నడుమ చిక్కిన సారథి ఇబ్బంది ఆనాటిదే. నేటి సారథికి ఆ వెసులుబాటు లేదు. కాక్‌పిట్‌లోని ప్రతి మాటనూ రికార్డరు వింటూనే ఉంటుంది. వినబడిందనే ఒప్పుకొని, కాదని చెప్పాలి.

అటువంటి సందర్భం నాకూ ఒకటి ఎదురైంది. యజమాని ఎవరో, సంస్థ ఏదో ఇక్కడ అవసరం లేదు. ఒక వివాహానికి వెళ్లాలి. దిగవలసిన రన్‌వేకు రాత్రి దీపాలు లేవు. సూర్యాస్తమయానికి ముందే చేరాలి. ప్రయాణికులు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. “అక్కడ దిగలేము, పెద్ద విమానాశ్రయంలో దిగుదాం, అక్కడి నుండి కారులో నాలుగు గంటలు” అని చెప్పాను. యజమాని ఒక్క మాటా అనలేదు. క్షేమంగా దిగాము, వారు పెండ్లికి ఆలస్యంగా చేరారు. మూడు నెలల తరువాత నా ఒప్పందం ముగిసింది, పొడిగించలేదు. కారణం కాగితం మీద రాయలేదు, నేనూ అడగలేదు.

ఆ మూడు నెలలలో నేను గ్రహించిన విషయాన్ని మీకు చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. గల్ఫ్‌లో నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే ఇల్లు, పిల్లల బడి, కారు వాయిదా అన్నీ ఒకేసారి కదులుతాయి. ఆ రోజు రన్‌వే ఎదుట నేను “కాదు” అనగలగడానికి నా ధైర్యం ఒక్కటే కారణం కాదు. నా భార్య ఏళ్ల తరబడి పొదుపు చేసి, ఇంట్లో ఏడాదికి సరిపడా ఖర్చు దాచి ఉంచింది. ఇంట్లో గింజలు ఉన్నవాడి నోటి నుండి “కాదు” అన్న మాట సులువుగా వస్తుంది. అప్పు మెడ వరకు ఉన్నవాడు అదే మాట అనడానికి పదింతల ధైర్యం కావాలి. పైలట్ శిక్షణకు లక్షలు పోయాలి. మన కుటుంబాలలో చాలామంది పొలమో ఇల్లో తాకట్టు పెట్టి చదివిస్తారు. ఆ అప్పు బ్యాంకు పుస్తకంలోనే ఆగిపోదు, పిల్లవాడితో కాక్‌పిట్‌లోకి కూడా వస్తుందని తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ఇక ‘స్థిరం’ అన్న మాట. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. తమ గగనతలాలను ఖతర్ విమానాలకు మూసివేశాయి. తెల్లవారేసరికి ఊళ్లు జాబితా నుండి తొలగిపోయాయి, దారులు చుట్టు తిరిగాయి. 2021 జనవరిలో గానీ ఆ ప్రతిష్టంభన వీడలేదు. ఈ లోపుగా 2020లో మహమ్మారి వచ్చి ప్రపంచమంతటా విమానాలను నేలకు కట్టివేసింది. పేరు మోసిన విమాన సంస్థలలో పైలట్లు ఉద్యోగాలు కోల్పోయారు. పెద్ద సంస్థ అంటే పెద్ద గొడుగు అని నమ్మినవారు తడిసిపోయారు. కార్పొరేట్ వైపు కష్టం వేరు. యజమాని వ్యాపారం తగ్గితే ముందు అమ్మేది విమానాన్నే. ఆయన కాలం చేస్తే వారసులకు విమానం అక్కరలేకపోవచ్చు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఎయిర్‌లైన్ ఉద్యోగం లోకం బాగు మీద ఆధారపడుతుంది. కార్పొరేట్ ఉద్యోగం కొద్దిమంది బాగు మీద ఆధారపడుతుంది. స్థిరమైనది ఏదైనా ఉంటే అది మీ లైసెన్సు, మీ ఆరోగ్యం, మీ పేరు.

ఆడపిల్లలు ప్రత్యేకంగా వినవలసిన ఒక చరిత్ర ఉన్నది. భారతదేశంలో వాణిజ్య విమానాలు నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్. 1947లో లైసెన్సు పొంది, పలు సంస్థలు కాదన్న తరువాత, మన హైదరాబాదుకు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో కో-పైలట్‌గా చేరారు. 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచారు. అవసరమైన గంటలు పూర్తిచేసినా, కెప్టెన్‌గా పూర్తి బాధ్యత అప్పగించడానికి ఆ సంస్థ అంగీకరించలేదు. ఆమె ఢిల్లీ వెళ్లి పారిశ్రామికవేత్త ఘనశ్యామ్‌దాస్ బిర్లా గారి సొంత విమానానికి పైలట్ అయ్యారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, మిగిలిన ఉద్యోగ జీవితం అక్కడే గడిపారు. ఎయిర్‌లైన్, ప్రైవేటు విమానం, మళ్లీ ఎయిర్‌లైన్. డెబ్బై ఏళ్లకు పూర్వమే ఒక స్త్రీ ఈ రెండు దారులనూ నడిచి చూపించింది. ఒక తలుపు మూసుకున్నప్పుడు రెండవ దారి ఆమె విద్యను తుప్పుపట్టకుండా కాపాడింది. కనుక ఇది ముహూర్తం పెట్టి ఒకేసారి చేసే నిర్ణయం కాదు. ఇరవై రెండవ ఏట తీసుకున్న నిర్ణయాన్ని ముప్పై అయిదవ ఏట మార్చుకోవచ్చు.

ఉద్యోగం ఇస్తామన్నవారిని మీరు కూడా ప్రశ్నించండి. మొదటిది: గత ఏడాది వాతావరణం కారణంగా గానీ, అలసట కారణంగా గానీ ప్రయాణం రద్దుచేసిన పైలట్ ఉన్నారా? వారు ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తున్నారా? రెండవది: విమానం కదలాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిది, అది కాగితం మీద ఉన్నదా? మూడవది: సిమ్యులేటర్ శిక్షణ ఎంత తరచుగా, ఎవరి ఖర్చుతో? నాలుగవది: టైప్ రేటింగ్‌కు బాండు ఉన్నదా, ఎన్నేళ్లు, మధ్యలో మానితే ఎంత కట్టాలి? ఐదవది: విశ్రాంతి రోజు అంటే నిజంగా విశ్రాంతేనా, ఫోన్ పక్కన కూర్చోవడమా? ఈ ప్రశ్నలకు విసుక్కునే సంస్థ, ఎయిర్‌లైన్ అయినా కార్పొరేట్ అయినా, మీకు తగదు. జీతం గూర్చి చివరకు అడగండి. అది వారే చెబుతారు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవలసినవీ ఉన్నాయి. నియమం ప్రకారం నడిచే పని మీకు ఊరటనిస్తుందా, ఊపిరాడనివ్వదా? అపరిచితులతో, అధికారం గలవారితో మర్యాద తప్పకుండా, తల వంచకుండా మాట్లాడగలరా? ఉగాదికి ఇంట్లో ఉండలేని ఏడాదిని, నాన్నగారి షష్టిపూర్తికి అందలేని దినాన్ని ఓర్చుకోగలరా? ఎయిర్‌లైన్‌లో ఆ సంగతి నెల ముందు తెలుస్తుంది. కార్పొరేట్‌లో ముందు రోజు తెలియవచ్చు. రెండు చోట్లా దుఃఖం ఒకటే అయినా, ఇంట్లోవారికి తెలిసే వేళ వేరు.

నా అభిప్రాయం అడిగారు కనుక దాచను. రెండు అవకాశాలూ ఒకేసారి చేతికి వస్తే, తొలి అయిదారేళ్లు ఎయిర్‌లైన్‌లో గడపండి. పరీక్షల క్రమశిక్షణ, పక్క కుర్చీలోని వారి తప్పును మర్యాదగా ఎత్తిచూపడం, తన తప్పును ఎదుటివారు చెబితే వినడం అక్కడ అలవాటవుతాయి. ఆ అలవాటు స్థిరపడిన తరువాత కార్పొరేట్ విమానం ఎక్కితే, యజమాని ముఖం చూసి మాట్లాడే శక్తి మీకు ఉంటుంది. కానీ ఎయిర్‌లైన్ అవకాశం రాలేదని దిగులుపడి ఇంట్లో కూర్చోకండి. మంచి నిర్వహణ గల చిన్న సంస్థ, చెడ్డ నిర్వహణ గల పెద్ద సంస్థ కంటే వెయ్యి రెట్లు మేలు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు పెద్ద విమానం నడుపుతున్నారా, చిన్న విమానం నడుపుతున్నారా అని బంధువులు అడుగుతారు. అడగనివ్వండి. మీరు మాత్రం మీ బిడ్డను, “ఈ నెలలో ఎప్పుడైనా వద్దని చెప్పవలసి వచ్చిందా? చెప్పగలిగావా?” అని అడగండి. ఉద్యోగం పోయినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని ఒక్కసారి నోరారా చెప్పండి. ఆ మాట ఏ సిమ్యులేటర్‌లోనూ నేర్పరు.

చిరంజీవులారా, రథం ఎవరిదైనా పగ్గాలు పట్టిన చేతులు మీవి. ఆ చేతులు స్థిరంగా ఉండాలని, మీరు ఎక్కిన ప్రతి విమానం క్షేమంగా నేల మీదికి దిగాలని ఆశీర్వదిస్తున్నాను.